ఎదురు వాలు కుట్టు

మా పిన్ని దర్జీ. మా వీధిలో సగం మంది ఒంటి మీద బట్టలు ఆవిడ కుట్టినవే. ఆవిడ ఇంట్లోనే ఉంటూ, ఆవిడ పెట్టిన అన్నం తినే మా తాతయ్య మాత్రం రెడీమేడ్ చొక్కాలు వేసుకుని తిరుగుతాడు. భుజాలు కిందికి జారిపోతుంటాయి. చేతులు వేళ్ల దాకా వస్తుంటే పైకి మడత పెట్టుకుంటాడు. కాలరులో ఇంకో మెడ పట్టేంత ఖాళీ ఉంటుంది. కొత్తగా వచ్చిన వాళ్లెవరైనా "అదేంటండీ, కన్నకూతురు దర్జీ అయ్యుండి..." అని నసిగితే తాతయ్య గోడవైపు చూస్తాడు. పిన్ని మిషను ఆపకుండానే జవాబు చెబుతుంది.

"ఆయనకి పుర్రచేతి కుట్టు పడదండీ."

అవును, పిన్నిది పుర్రచెయ్యి. కత్తెర, సూది, గరిటె, చివరికి ఎదుటివాడి మీదికి లేపే వేలు కూడా ఎడమచేతిదే. వీధిలో పేరు పెట్టి అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ, 'పుర్రచెయ్యి టైలరమ్మ' అంటే ఇంటి దాకా తీసుకొచ్చి దిగబెడతారు. నేను ఆవిడ అక్క కూతుర్ని. బడి వదలగానే ఆ కొట్లో కూర్చుని, నేలమీద పడ్డ గుండీలు ఏరుతూ పెరిగాను. ఆవిడ కోపం కొంత నాకూ అంటుకుంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను, ఇది క్షమించేసిన మనిషి కథ కాదు. అలాంటి కథలు కావాలంటే చాలామంది చెబుతారు, వాళ్ల దగ్గరికి వెళ్లండి.

మోసాన్ని పిన్ని ఎంత చిన్నదైనా వదిలేది కాదు. ఒకసారి గుడ్డల కొట్టాయన మీటరు కర్రకు గుడ్డ పట్టి, రబ్బరును లాగినట్టు లాగి కొలిచి కత్తిరించాడు. పిన్ని ఆ ముక్కను ఆయన బల్ల మీదే పరిచి, అరచేత్తో నాలుగుసార్లు నిమిరి, చేతులు కట్టుకుని నిలబడింది. లాగిన గుడ్డ మెల్లగా సర్దుకుని తన అసలు పొడవుకు వచ్చేసింది. "ఇప్పుడు కొలవండి" అంది. కొట్టు నిండా జనం. ఆయన కొలిచాడు, తల దించుకున్నాడు, కొత్త ముక్క చింపాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా "కుట్టించేది పుర్రచెయ్యి గారి దగ్గరా?" అని ముందే అడిగి, దాన్ని బట్టి కొలిచేవాడట.

ఇంకోసారి మిషను బాగుచేసేవాడు లోపల పార్టు పోయిందని, కొత్తది వేశానని చెప్పాడు. "పాత పార్టేది బాబూ?" అని అడిగింది పిన్ని. పారేశానన్నాడు. "ఎక్కడ పారేశావో చెప్పు, ఇద్దరం వెతుకుదాం" అని చీపురు పట్టుకుని బయల్దేరింది. వాడు చెత్తబుట్ట తిరగేసి, మెట్ల కింద దేవులాడి, చివరికి తుడిచి పెట్టింది పాత పార్టేనని ఒప్పుకున్నాడు. "ఆ మాట మొదట్లోనే అనుంటే నీ చొక్కా మాసేది కాదుగా" అంది పిన్ని. ఎదురింటావిడ ఇదంతా చూసి, ఇంత చిన్నవాటికి అంత పట్టుదల ఎందుకండీ అని నవ్వింది. పిన్ని నవ్వలేదు.

"నన్ను ముంచింది గుండుసూదండీ. దానికంటే చిన్నదేముంది?"

ఆ గుండుసూది సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ నమ్మినవాళ్లు మా అమ్మా, నేనూ మాత్రమే.

పిన్ని చిన్న వయసులో ప్రభుత్వం వారి కుట్టు శిక్షణ కేంద్రంలో చేరింది. అక్కడ ఆవిడ పక్క మిషను మీద ఒకమ్మాయి ఉండేది. ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు, కలిసే తినేవాళ్లు, ఒకరి కత్తెర ఒకరు వాడుకునేవాళ్లు. ఆఖరి పరీక్షలో అందరికీ ఒకే తానులోంచి కోసిన తెల్లగుడ్డ ఇచ్చారు, ఒకే కొలతలు, చంటిపిల్ల గౌను. కుట్టిన దాని మీద పేరు రాయకూడదు. నంబరు వేసిన చీటీని గుండుసూదితో గౌనుకు గుచ్చి ముందు బల్ల మీద పెట్టాలి. ఏది ఎవరిదో దిద్దేవాళ్లకు తెలియకూడదని, మోసం జరగకూడదని ఆ ఏర్పాటు. మోసం ఆ ఏర్పాటులోంచే దూరింది.

గౌను పూర్తయ్యే వేళకు పిన్ని వేలికి సూది గుచ్చుకుంది. తెల్లగుడ్డ మీద రక్తపు చుక్క పడితే అంతా పాడైపోతుందని ఆవిడ కంగారు పడింది. పక్కమ్మాయి వెంటనే లేచింది. "నువ్వెళ్లి చెయ్యి కడుక్కోవే, రెండూ నేను పెట్టేస్తాలే" అంది. పిన్ని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి రెండు గౌన్లూ బల్ల మీద ఉన్నాయి, చీటీలు బుద్ధిగా గుచ్చి ఉన్నాయి. పిన్ని ఆ అమ్మాయికి థాంక్స్ కూడా చెప్పింది. ఈ ముక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిడ పళ్లు నూరేది.

ఫలితాలు వచ్చాయి. పక్కమ్మాయి మొదటి స్థానం, పిన్ని తప్పింది. ఎందుకు తప్పానని పిన్ని అడిగితే, పరీక్ష దిద్దినాయన అందర్నీ హాల్లోకి పిలిచి ఆవిడ నంబరు గుచ్చి ఉన్న గౌను పైకెత్తి చూపించాడు. దానికి కుడిచేతి ముక్క ఎడమవైపు, ఎడమచేతి ముక్క కుడివైపు కుట్టి ఉన్నాయి. చేతి ముక్కకు ముందువైపు వంపు లోతుగా ఉంటుంది, వెనకవైపు తక్కువ. అటుదిటు మారితే చంకలో పట్టేసి, పిల్ల చెయ్యి ఎత్తలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు కంగారులో చేసే తప్పు అది.

"పుర్రచెయ్యి వాళ్లకి అన్నీ తిరగేసే తోస్తాయమ్మా. నీ తప్పు కాదులే" అని ఆయన నవ్వాడు. హాలంతా నవ్వింది. పక్కమ్మాయి కూడా నవ్వింది. ఇది నాది కాదని పిన్ని అరిచింది. మరి చీటీ నీదేగా అన్నాడు ఆయన. మొదటి స్థానం వచ్చిన గౌను చూపించమంటే, అది అద్దాల పెట్టెలో పెట్టించడానికి లోపలికి పంపేశామని, తప్పిన వాళ్లంతా ఇలాగే అంటారని తోసిపుచ్చాడు.

ఆ రోజు కూతురితో పాటు ఫలితాలు చూడ్డానికి తాతయ్య కూడా వచ్చాడు. అంతమందిలో ఆయనొక్కడైనా తన పక్కన నిలబడతాడని పిన్ని అటు చూసింది. ఆయన లేచి, దిద్దినాయనకు నమస్కారం పెట్టి, "చిన్నప్పుడే చెయ్యి మార్పించాల్సిందండీ, నాదే పొరపాటు" అన్నాడు. ఇంటికొచ్చాక పిన్ని మిషను తీసి మా అమ్మకు ఇచ్చేశాడు. మా అమ్మకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

పిన్ని మళ్లీ ఆ పరీక్షకు కూర్చోలేదు. ఇంకో దర్జీ కొట్లో గుండీలు కుట్టే పనిలో చేరి, కష్టపడి, సొంత కొట్టు పెట్టుకుంది. అమ్మమ్మ పోయాక తాతయ్యను తన దగ్గరికే తెచ్చుకుంది. మందులు సమయానికి ఇచ్చేది, వేడినీళ్లు పెట్టేది, జ్వరమొస్తే పక్కనే కూర్చునేది. చొక్కా మాత్రం కుట్టలేదు. "అన్నం పెట్టడం నా ధర్మం. చొక్కా నా ఇష్టం" అనేది. ఆవిడకు కావలసింది ఒక్కటే. ఏ నోళ్లయితే ఆ తప్పు పుర్రచేతిదని అన్నాయో, ఆ నోళ్లతోనే, అలాగే నలుగురి ముందు, అది అబద్ధమని చెప్పించాలి. దానికి ఆధారం మాత్రం లేదు. పక్కమ్మాయి అదే కేంద్రంలో టీచరమ్మ అయింది. తర్వాత మెట్టు మెట్టూ ఎక్కి పెద్దమేడం అయింది.

నేను చదువయ్యాక కుట్టు నేర్చుకుంటానన్నాను. పిన్ని దగ్గర నేర్చుకోవచ్చు కానీ, ఉద్యోగానికి సర్టిఫికెట్ కావాలి. ఊళ్లో ఉన్నది ఆ ఒక్క కేంద్రమే. చేర్చడానికి పెద్దవాళ్లు వచ్చి సంతకం పెట్టాలన్నారు. మా అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే పిన్ని వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

పెద్దమేడం పిన్నిని చూడగానే గుర్తుపట్టింది. కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చుంది.

"అమ్మో, నువ్వా! ఎన్నాళ్లకి! ఇంకా కుడుతున్నావా?"

"కుడుతున్నా. నువ్వు కుడుతున్నావా?" అంది పిన్ని.

"నాకెక్కడ కుదురుతుందే, పిల్లల్ని అదుపులో పెట్టేసరికే సరిపోతుంది" అని ఆవిడ నవ్వింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

పిన్ని ఆ నవ్వు చూడడం లేదు. పెద్దమేడం కుర్చీ వెనక గోడకు ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో తెల్లగౌను, కింద పెద్దమేడం పేరు, మొదటి స్థానం అని అక్షరాలు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. గొప్ప పనితనం చూపించాలనుకుంటే బట్టను పైనుంచి చూపించరు, అంచు తిరగేసి లోపలి కుట్టు కనపడేలా పెడతారు. పైన ఎవరైనా బాగా కుడతారు, లోపల శుభ్రంగా ఉంటేనే పనిమంతురాలు. ఆ గౌను అంచు కూడా అలాగే తిరగేసి ఉంది. చేత్తో వేసిన సన్నని హెమ్మింగ్ కుట్లు వరసగా వాలి కనపడుతున్నాయి. పిన్ని వాటినే చూస్తూ సంతకం పెట్టేసింది.

రోడ్డు మీదికొచ్చాక నా మణికట్టు పట్టుకుంది. పట్టు ఎంత గట్టిదంటే నాకు నొప్పెట్టింది.

"నాదే. నా గౌనే. కుట్లు చూశావా, ఎటు వాలాయో?"

అప్పటికి నాకు తెలియదు. కొట్టుకు తీసుకెళ్లి చూపించింది. నా చేతికి సూదిచ్చి ఒక గుడ్డ అంచు కుట్టమంది, పక్కన తాను ఇంకో గుడ్డ కుట్టింది. కుడిచేతి వాళ్లు కుడి నుంచి ఎడమకు కుట్టుకుంటూ పోతారు. పుర్రచెయ్యి వాళ్లు ఎడమ నుంచి కుడికి. అందుకని నా కుట్లు ఒకవైపు వాలితే, ఆవిడవి సరిగ్గా ఎదురు వాలు. ఒకే గుడ్డ, ఒకే దారం, అయినా పక్కపక్కన పెడితే చంటిపిల్లయినా తేడా చెప్పేస్తుంది.

"మరి ఇన్నేళ్లూ అక్కడెవరికీ కనపడలేదా పిన్నీ?"

"ఎలా కనపడుతుందే? ఆ రోజు నాకూ తోచలేదు, ఆ తప్పిన గౌను నా చేతికైనా ఇవ్వలేదు. నా తర్వాత అక్కడ పుర్రచెయ్యి పిల్లల్ని కుట్టనివ్వలేదుగా. చేరినవాళ్లకి చెయ్యి మార్పించేస్తున్నారు. ఎదురు వాలు ఎలా ఉంటుందో చూసినవాళ్లే లేరు ఆ ఇంట్లో."

అది నిజం. నాతో పాటు చేరిన ఒకమ్మాయికి మొదటి వారంలోనే ఎడమచేతికి గుడ్డ చుట్టి, కుడిచేత్తో కుట్టించారు. ఆ అమ్మాయి రోజూ ఏడ్చేది. నాకు కడుపు మండిపోయింది. ఆ రోజే వెళ్లి పెద్దమేడం మొహం మీద అడిగేద్దామని నేను ఎగిరాను. పిన్ని నన్ను కూర్చోబెట్టింది.

"గదిలో అడిగితే గదిలోనే ఏడ్చి, గదిలోనే కాళ్లు పట్టుకుంటుంది. నన్ను హాల్లో నిలబెట్టారు. హాల్లోనే కావాలి నాకు. ఆ దిద్దినాయన కూడా ఉండాలి."

ఏటా కోర్సు అయ్యాక పిల్లలు కుట్టినవి ప్రదర్శనకు పెడతారు. ఆ దిద్దినాయన ఉద్యోగం మానేసినా ప్రతి ఏడూ ముఖ్య అతిథిగా వచ్చి ఉపన్యాసం ఇస్తాడు. అద్దాల పెట్టెను కూడా ఆ రోజు హాల్లో ముందు బల్ల మీద పెడతారు. పిన్ని ఆ రోజు కోసం ఆగింది. ఇంత కాలం ఆగిన మనిషికి ఒక కోర్సు ఎంతసేపు? ఆ నెలల్లో ఆవిడ మిషను తొక్కుతూ కూనిరాగాలు తీయడం నేను మొదటిసారి విన్నాను. పగ తీర్చుకోబోయే మనిషి ఇంత హాయిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మధ్యలో ఒకటి జరిగింది. మా క్లాసులో ఒకమ్మాయి ఇంటి దగ్గర వాళ్లక్క చేత నమూనా గుడ్డ కుట్టించుకుని వచ్చి తనదని పెట్టింది. పెద్దమేడం దాన్నీ, ఆ అమ్మాయి పాత గుడ్డల్నీ కిటికీ దగ్గర పెట్టి చూసి పట్టేసింది. అందరి ముందు నిలబెట్టి, "ప్రతి చేతికీ ఒక వాటం ఉంటుంది. కుట్టు చూస్తే ఎవరి చెయ్యో నేను చెప్పేస్తాను. నన్ను మోసం చెయ్యలేరు" అంది. ఆ అమ్మాయి కాళ్లావేళ్లా పడింది. మా ఇంట్లో పరిస్థితి బాగాలేదు మేడం, ఈసారికి వదిలెయ్యండి అంది. "మోసగాళ్లకి ఇక్కడ చోటు లేదు" అని అప్పటికప్పుడు సంచి సర్దించి పంపేసింది. నేను ఇంటికొచ్చి ఈ మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పాను. పిన్ని 'వాటం' మాట నా చేత రెండోసారి చెప్పించుకుని విన్నది. తర్వాత చాలాసేపు నవ్వింది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం పిన్ని మంచి చీర కట్టుకుంది. తాతయ్యను కూడా బయల్దేరదీసింది.

"నేనెందుకే, మోకాళ్లు నొప్పులు" అన్నాడు తాతయ్య.

"మనవరాలి కుట్లు చూద్దురుగాని రండి నాన్నా. ఆ హాలు మీకు తెలిసిందేగా" అంది పిన్ని. ఆయన చొక్కా చేతులు మడత పెట్టుకుని వచ్చాడు.

హాలు నిండిపోయింది. తల్లులు, తండ్రులు, పిల్లలు. ముందు బల్ల మీద అద్దాల పెట్టె. దిద్దినాయన బాగా ముసలివాడయ్యాడు గానీ గొంతు తగ్గలేదు. పరీక్షల్లో నిజాయితీ గురించి మాట్లాడాడు. ఇప్పటి పిల్లలు కష్టపడకుండా మార్కులు కావాలంటున్నారన్నాడు. ఈ గౌనును చూసి నేర్చుకోండి అని అద్దాల పెట్టెను తట్టాడు. పక్కన పెద్దమేడం సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుంది. చప్పట్లు ఆగాక పిన్ని ఎడమచెయ్యి ఎత్తింది.

"ఒక సందేహం సార్. ఈ గౌను లోపలి కుట్టు పిల్లలు దగ్గర్నుంచి చూస్తే బాగుంటుంది. పెట్టె తెరిపిస్తారా?"

ఆయనకు అందులో తప్పేమీ కనపడలేదు. "తప్పకుండా, చూడాలి" అన్నాడు. పెద్దమేడం నీళ్లు నమిలింది, తాళంచెవి ఎక్కడుందో చూడాలంది. తాళం వెయ్యలేదు మేడం అని ముందు వరసలో అమ్మాయి అమాయకంగా మూత తీసేసింది. పిన్ని బల్ల దగ్గరికి వెళ్లి, గౌను చేతిలోకి తీసుకుంది.  

"అమ్మాయిలూ, మీరు కుట్టినవి మీ దగ్గరే ఉన్నాయిగా. అంచులు తిరగేసి చూడండి. కుట్లు ఎటు వాలాయి?"

హాలంతా గుడ్డలు తిరగేసిన చప్పుడు. అందరివీ ఒకేవైపు. పిన్ని గౌను పట్టుకుని వరసల మధ్య నడిచింది, ఒక్కో అమ్మాయి గుడ్డ పక్కన ఈ అంచు పెట్టి చూపించింది. మొదట గుసగుసలు, తర్వాత మాటలు. ఇది ఎదురుగా వాలింది మేడం అని ఎవరో గట్టిగానే అన్నారు.

"మీరు తలకిందులుగా పట్టుకున్నారమ్మా" అన్నాడు దిద్దినాయన.

"అలాగా సార్? ఇదిగో తిప్పాను. చూడండి." పిన్ని గౌనును గిర్రున తిప్పింది. వాలు మారలేదు. మళ్లీ తిప్పింది. అదే వాలు. "ఎన్నిసార్లు తిప్పినా ఇంతే సార్. ఇది కుడిచేతి కుట్టు కాదు. మేడం గారే అన్నారట కదా, కుట్టు చూస్తే ఎవరి చెయ్యో చెప్పేస్తానని. చెప్పమనండి, ఎవరి చెయ్యి ఇది?"

పెద్దమేడం మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎప్పటి మాటో ఇది. ఆ రోజుల్లో ఏదో అటునుంచి కుట్టుంటాను. మీరు ఇంత పాత విషయం..." అంది.

"పాతదైతే గోడ మీద ఎందుకుంది?" అంది పిన్ని. వెంటనే ముందు వరస అమ్మాయి చేతిలో ఉన్న సూదీ దారం, తెల్లగుడ్డ తీసుకుని బల్ల మీద పెట్టింది. "కుట్టు. ఒక్క బెత్తెడు చాలు. ఇదే వాలు రావాలి."

 దిద్దినాయన ఇదంతా పద్ధతి కాదని లేవబోయాడు. వెనక నుంచి ఒకావిడ, ఇంటికి పంపేసిన కూతుర్ని మళ్లీ చేర్చుకోమని అడగడానికి వచ్చిన తల్లి, "కుట్టమనండి సార్, మా పిల్ల విషయంలో పద్ధతి ఉందిగా" అంది. ఆయన కూర్చున్నాడు. పెద్దమేడం సూది తీసుకుంది. కుడిచేత్తో అటునుంచి కుట్టబోయింది, చెయ్యి అడ్డం పడింది. ఎడమచేతికి మార్చింది, సూది జారి వేలికి గుచ్చుకుంది. తెల్లగుడ్డ మీద రక్తపు చుక్క పడింది. పిన్ని ఆ చుక్కను చూసి, "వెళ్లి చెయ్యి కడుక్కో. మిగతాది నేను చూసుకుంటాలే" అంది.

ఆ మాటతో పెద్దమేడం కూలిపోయింది. సూది కింద పెట్టి, పిన్నికి మాత్రమే వినపడేలా, "చీటీలు మార్చాను" అంది.

"మైకులో చెప్పు."

"నలుగురిలో పరువు తియ్యకే..."

"నా పరువు నలుగురిలోనే పోయింది. మైకులో చెప్పు."

చెప్పింది. గౌను తనది కాదని, గుండుసూదులు తీసి చీటీలు మార్చి గుచ్చానని, చేతులు తిరగేసి కుట్టింది తానేనని చెప్పింది. చెప్పి ఏడ్చింది. తప్పితే చదువు మాన్పించేస్తామన్నారు ఇంట్లో, భయమేసింది, ఆ ఒక్క నిమిషం బుద్ధి గడ్డి తిన్నది, ఆ రోజు నుంచీ ఆ గౌనును కళ్లెత్తి చూడలేదు అంది. కొంతమంది తల్లులు కూడా కళ్లు తుడుచుకున్నారు. పిన్ని తుడుచుకోలేదు.

"భయం నాకూ ఉంది. నేను నీ గుండుసూది ముట్టుకోలేదు" అంది. "మొన్న ఆ పిల్లని పంపేసినప్పుడు, ఇంట్లో పరిస్థితి చెబితే విన్నావా? ఆ పిల్ల చేసింది తప్పే. తప్పు చేసింది, ఇంటికి పోయింది. నువ్వూ పో."

తర్వాత దిద్దినాయన వైపు తిరిగింది. ఆయన లేచి, గొంతు సవరించుకుని, దిద్దడంలో పొరపాటు జరిగినట్టుందమ్మా, సర్టిఫికెట్ ఇప్పించే ఏర్పాటు చూస్తాను అన్నాడు.

"పొరపాటు దిద్దడంలో కాదు సార్. నవ్వడంలో. పుర్రచెయ్యి వాళ్లకి అన్నీ తిరగేసే తోస్తాయన్నారు, ఇదే హాల్లో. అది అబద్ధమని చెప్పండి."

ఆయన చెప్పాడు. మైకు దూరంగా పెట్టుకుని చెబితే, పిన్ని దగ్గరికి జరిపింది. రెండోసారి చెప్పాడు. ఎడమచేతికి గుడ్డ చుట్టి ఉన్న మా క్లాసు అమ్మాయి ఆ గుడ్డ విప్పేసి, నేల మీద పడేసింది. అది ఎవరూ చెప్పకుండానే చేసింది.

పెద్దమేడం ఆ మర్నాటి నుంచి కేంద్రానికి రాలేదు. కొన్నాళ్లకు రాజీనామా చేసిందన్నారు. తర్వాత ఆవిడ మా వీధిలోంచి నడవాల్సి వస్తే సందు చుట్టూ తిరిగి పోయేది. పాపం అని నాతో అన్నవాళ్లు ఉన్నారు. పోనివ్వండి, నడిస్తే ఒంటికి మంచిది.

నేను చెప్పాలనుకున్నది అక్కడితో అయిపోలేదు. ఆ సాయంత్రం ముగ్గురం ఇంటికి వచ్చాం. గౌను పిన్ని సంచిలో ఉంది.  ఇంట్లోకి రాగానే పిన్ని ఆ గౌను తీసి ఆయన ఒళ్లో పెట్టి, మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది. తాతయ్య అంచు తిరగేసి, బొటనవేలితో కుట్ల మీద రాశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఎంత బాగా కుట్టావే" అన్నాడు.

"అప్పుడడగాల్సింది నాన్నా. ఇది నువ్వు కుట్టిందేనా అని ఒక్క మాట అడగాల్సింది. ఆయనెవరో పరాయివాడు, ఆవిడ దొంగ. మీరెవరు?"

 తాతయ్య గౌనును మెల్లగా మడత పెట్టి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఇప్పుడైనా నాకో చొక్కా కుడతావా అమ్మా?"

పిన్ని లేచి మెడలో టేపు వేసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. అంతా అయిపోయింది, కలిసిపోయారు అనుకున్నాను. ఆవిడ ఆయన భుజాలు కొలిచింది, మెడ కొలిచింది, చేతులు కొలిచింది. కొలతలు తీస్తున్నంతసేపూ తాతయ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మంచి గుడ్డ తీసింది. ఆ వారం ఎవరి పనీ ముట్టుకోకుండా ఆ చొక్కాయే కుట్టింది. కాలరు అచ్చు గుద్దినట్టు కుదిరింది, భుజాలు భుజాల మీదే నిలిచాయి, అంచుల్లో హెమ్మింగ్ ఎదురు వాలుతో ముత్యాల్లా ఉంది.

తాతయ్య మురిసిపోయి తొడుక్కున్నాడు. అద్దం ముందు నిలబడి, తల దువ్వుకుందామని చెయ్యి ఎత్తాడు. చెయ్యి సగంలో ఆగిపోయింది. చంకలో పట్టేసింది. రెండో చెయ్యి ఎత్తాడు. అదీ అంతే. కుడిచేతి ముక్క ఎడమవైపు ఉంది, ఎడమచేతి ముక్క కుడివైపు ఉంది. ఆయన మెల్లగా ఇటు తిరిగాడు.

పిన్ని మిషను ఆపలేదు.

"పుర్రచెయ్యి కదా నాన్నా. అన్నీ తిరగేసే తోస్తాయి."

విప్పి మళ్లీ కుట్టమని తాతయ్య అడగలేదు. రెడీమేడ్ చొక్కాలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశాడు. ఇప్పుడు రోజూ అదే చొక్కా, రాత్రి ఉతికి ఆరేసుకుని, పొద్దున్నే వేసుకుంటాడు. తల దువ్వుకోవాలంటే తలనే చేతి దగ్గరికి వంచుకుంటాడు. ఎవరైనా వచ్చి, చంకలో అలా పట్టేసిందేంటండీ అని అడిగితే ఇప్పుడు గోడవైపు చూడడు. "మా అమ్మాయి కుట్టింది. తప్పు నాది" అంటాడు.